చాలు అనే దాకా

ఉగాది దగ్గరపడితే ఆదోని రోడ్ల మీద కన్నడం జోరుగా వినిపిస్తుంది. సరిహద్దు అవతలి పల్లెల నుంచి శ్రీశైలానికి కాలినడకన పోయే జనం మా ఊరి మీదుగా ఎమ్మిగనూరు దారి పడతారు. భుజాన కంబి అనే కావడి, నెత్తిన మూట, కాళ్ళకు చుట్టుకున్న గుడ్డ పేలికలు. వాళ్ళ లెక్కలో భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. పండగకు ఆడపడుచుకు చీర, పసుపు కుంకుమ, ఒడిబియ్యం పెట్టి రావడానికి పుట్టింటివాళ్ళు నడిచిపోతారు. దేవుడి దగ్గరకు పోతున్నామన్న బెదురు వాళ్ళలో ఏమీ ఉండదు. దారి పొడుగునా అల్లుడి మీద చతుర్లాడుతూ పోతారు. మా అమ్మ పుట్టిల్లు సిరుగుప్ప వైపు కాబట్టి ఆ చుట్టరికం మాకూ వచ్చింది. పత్తి గింజల వ్యాపారం చేసుకునే మా ఇంటి నుంచి ఏటా ఒకరు చీర పట్టుకుని నడవాలి. నాన్న మోకాళ్ళు మొరాయించినప్పటి నుంచి ఆ పని నాది.

ఆ ఏడాది మాత్రం చీరను మా పెదనాన్న కొడుకు చేతిలో పెట్టి పంపేశాను.

కొన్నేళ్ళుగా నా అరికాళ్ళకు స్పర్శ లేదు. చక్కెర జబ్బు. మొదట్లో మంటలు పుట్టేవి, రాత్రిళ్ళు సూదులు గుచ్చినట్టు ఉండేది. తర్వాత అవన్నీ తగ్గిపోయాయి. తగ్గితే నయమైందనుకుని సంబరపడ్డాను. ఒకరోజు మార్కెట్ యార్డు నుంచి ఇంటికి వచ్చి గడప దగ్గర చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు. యాడ జారిపోయిందో, ఎంత దూరం ఒంటి చెప్పుతో నడిచానో నాకు తెలియదు. నా భార్య మొదట పడీ పడీ నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది. కర్నూలులో డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమని పాదాల మీద గుండుసూది ఆనించాడు. "గుచ్చినప్పుడు చెప్పండి" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయన "ఇక కళ్ళు తెరవండి, అయిపోయింది" అన్నాడు.

ఆయన చెప్పింది సూటిగానే చెప్పాడు. దెబ్బ తగిలినా తెలియదు, పుండు లేచినా తెలియదు, రక్తం సరిగా ఆడని కాలు కాబట్టి పుండు మానదు. ఒక్క పుండు ముదిరిందంటే కాలు తీసేయాల్సి వస్తుంది. ఉత్త కాళ్ళతో నడవొద్దు, దూరాలు నడవొద్దు, రోజూ అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి. నేను తల ఊపి బయటికి వచ్చి, ఆస్పత్రి మెట్ల మీద ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను.

మా వాళ్ళు చీర పట్టుకుని బయలుదేరిన రోజు నేను అంగట్లో కూర్చుని కనిపించిన ప్రతివాడి మీదా విరుచుకుపడ్డాను. తూకం వేసే మనిషి నా ముఖం చూసి పక్క సందులోకి తప్పుకున్నాడు. సాయంత్రం ఇంట్లో పులుసులో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది. నా భార్య కంచం తీసి పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"పోయి నడిచి రాండి. లేకుంటే ఈ ఇంట్లో మనుషులు బతికేటట్టు లేరు" అంది.

"డాక్టరు వద్దన్నాడు గదా."

"ఎమ్మిగనూరు దాకానే. ఒక్క రోజు. చూసుకునేదానికి తప్ప బూట్లు ఇప్పకూడదు. కూర్చున్న తావల్లా అరికాళ్ళు చూసుకోవాల. నేను సాయంత్రానికి బస్సులో వచ్చి బస్టాండులో ఉంటా. కాళ్ళు ఎట్ల పోతాయో అట్లే నాకు తెచ్చి అప్పజెప్పాల."

నేను ఒప్పుకున్నాను. ఆమె కాలేజీ పిల్లలు వేసుకునే వీపు సంచి ఒకటి తెచ్చి అందులో రెండు జతల మేజోళ్ళు, మాత్రలు, నీళ్ళ సీసాలు, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోవడానికి చక్కెర పొట్లం, బొరుగులతో చేసిన ఉగ్గాని డబ్బా, ఒక చేతి అద్దం సర్దింది. అద్దానికి పాత రవికె గుడ్డ చుట్టింది. బడికి పోయే పిల్లాడిని పంపినట్టు గుమ్మం దాకా వచ్చి బూట్ల తాళ్ళు తనే కట్టింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో మాట్లాడకుండా వచ్చేశాను.

తెల్లవారే లోపే ఊరు దాటాను. జిన్నింగు మిల్లుల సీజను అయిపోవచ్చింది. గేట్లు మూసి ఉన్నాయి. ఎమ్మిగనూరు రోడ్డు పక్కన సర్కారు తుమ్మలకు లారీల నుంచి ఎగిరిన దూది పట్టుకుని వేలాడుతోంది. సీజనంతా పట్టిన దుమ్ముకు మురికిగా ఉంది. నడిచేవాళ్ళ గుంపులు ముందు రోజుల్లోనే వెళ్ళిపోయాయి. వెనకబడినవాళ్ళు ఇద్దరూ ముగ్గురూ అక్కడక్కడా కనిపించారు. వాళ్ళూ నన్ను దాటి పోయారు. నేను ఒంటరిగా నడవాలనే గుంపులన్నీ పోయేదాకా ఆగి బయలుదేరాను. నా నడక ఎవరి కంటా పడకూడదు.

స్పర్శ లేని కాళ్ళతో నడవడం ఎట్లా ఉంటుందో చెప్తాను. కాలు నేల మీద ఆనిందో లేదో కళ్ళతో చూసుకోవాలి. చూపు పక్కకు తిప్పితే అడుగు తడబడుతుంది. అందుకని తల వంచుకుని నా బూట్లనే చూస్తూ నడవాలి. ఆ దారిలో ఎర్రటి గుండ్ల కొండలు ఉంటాయి. ఆరేకల్లు దగ్గర పొద్దు ఆ గుండ్ల మీద పడుతుంటే మా అమ్మ నిలబడి దండం పెట్టేది. నేను చూసింది తారు, కంకర, నా బూట్లు. కొండలు చూడాలంటే ఆగాలి. ఆగి చూశాను. అవి అట్లాగే ఉన్నాయి. నాకేమీ అనిపించలేదు. అప్పుడు నిజంగా భయమేసింది. కాళ్ళ మొద్దుతనం పైకి పాకిందా అని.

దారిలో అన్నదానం టెంట్ల దగ్గర జనం పిలుస్తూనే ఉన్నారు. "రాండి సామీ, మజ్జిగ తాగిపోండి." ఈ దారిలో ఈ రోజుల్లో నడిచే ప్రతివాడూ స్వామే. ఒక పెద్దాయన నా కాళ్ళకు మొక్కబోతే వెనక్కి గెంతాను. "నేను ఆదోనివాణ్ణే. ఎమ్మిగనూరు దాకానే పోతాండా" అన్నాను. ఆయన "అయితేనేం, మల్లయ్య దోవే గదా" అని మొక్కే తీరాడు. ఆ మొక్కు అందుకోవడానికి బస్సు టికెట్టు కొనుక్కుని పోయేవాడికి కూడా నాకన్నా హక్కు ఉంటుంది కదా అనిపించింది. చేతిలో చీర లేదు, చివరి దాకా పోయే కాళ్ళు లేవు. మజ్జిగ మాత్రం తాగాను, ఎండ అట్లాంటిది.

మధ్యాహ్నానికి రోడ్డు పక్కన ఒక వేపచెట్టు కింద చేరాను. అప్పటికే అక్కడ ఒక ముసలాయన కూర్చుని రెండు కాళ్ళూ చాపి వాటిని బండబూతులు తిడుతున్నాడు. కన్నడమూ తెలుగూ కలిపి తిడుతున్నాడు. అరికాళ్ళ నిండా పొక్కులు. కొన్ని పగిలాయి. వేపాకు నూరి గుడ్డలో పెట్టి కట్టుకుంటూ, ముడి బిగించినప్పుడల్లా "అయ్యో శివనే" అని అరిచి, ఆ వెంటనే నన్ను చూసి నవ్వుతున్నాడు.

"ముదనష్టపు కాళ్ళప్పా ఇవి. పొద్దున్నించి ఒకటే తిట్లు నన్ను. యాడికి తీసుకపోతాండావురా ముసలోడా అని" అన్నాడు. "నీ కాళ్ళు ఏమంటాండాయి?"

"ఏమీ అనవు" అన్నాను.

"ఏమీ అనవా? పుణ్యాత్ముడివి. బూట్ల మహిమ!"

నేను నవ్వాను. ఆ ముసలాయన పొక్కులు చూస్తే నాకు కడుపు మండింది. ఈర్ష్య అంటే ఇంకేమీ కాదు, అదే. ఒకప్పుడు నేనూ ఇట్లాగే చెట్టు కింద కూర్చుని అరిచినవాణ్ణి. ఎక్కడెక్కడి వాళ్ళో, పేర్లు కూడా అడగకుండా, ఎవరి కాలు ఎక్కడ సలుపుతోందో చెప్పుకుంటూ గంటలు గడిపేవాళ్ళం. ఈ దారి మొత్తం మీద అందరికీ వచ్చిన భాష అదొక్కటే. ఇప్పుడు నేను ఆ మాటల్లో కలవలేను.

ఉగ్గాని చెరి సగం తిన్నాం. ఆయన లేచి కుంటుకుంటూ, మల్లయ్యను ఒక తిట్టు తిట్టి, పోయినాడు. ఆయన కనుమరుగయ్యే దాకా ఆగి బూట్లు విప్పాను. అద్దం తీసి అరికాళ్ళు చూసుకున్నాను. మడమ దగ్గర, వేళ్ళ సందుల్లో, బొటనవేలి కింద. ఎక్కడా చిన్న ఎర్రదనం కూడా లేదు. నా భార్యకు ఫోన్ చేశాను.

"చూసుకున్నారా?"

"చూసుకున్నా. నువ్వు కట్టి పంపినట్టే ఉండాయి."

"సరే. నేను బస్సెక్కుతాండా" అంది. ఆమె గొంతులో ఎన్నాళ్ళకో కొంచెం తేలిక వినిపించింది.

ఆ తర్వాత ఎండలో బాగానే నడిచాను. కోటేకల్లు దాటేసరికి పొద్దు వాలింది. పీకేసిన పత్తి కట్టె చేలల్లో కుప్పలుగా పడి ఉంది. ఎమ్మిగనూరు ఇళ్ళు కనిపిస్తున్నాయి. బస్టాండుకు ఇంకాస్త దూరం. అక్కడ రోడ్డు పక్కన ఒక చిన్న షామియానా, రాళ్ళ పొయ్యి మీద గంగాళంలో నీళ్ళు కాగుతున్నాయి. నడిచొచ్చినవాళ్ళ కాళ్ళకు కాపడం పెట్టి, ఆముదం రాసి పంపే టెంటు అది. మగ్గాల వీధి ఆడవాళ్ళు ఏటా వేస్తారు. ఆ వేళకు మిగతావాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయినట్టున్నారు. యాభై దాటిన ఒకామె మాత్రం పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"రా సామీ, కూసో. నీళ్ళు కాగినాయి" అంది.

"వద్దమ్మా. దగ్గరే, బస్టాండు దాకా పోవాల."

"ఈ పొద్దుకు నువ్వే ఆఖరు. వచ్చినోళ్ళను ఒక్కర్ని గూడా వదలకుండా సేసినా. నువ్వొక్కడివి ఊరికే పోతే నాకు రాత్రి నిద్ర పట్టదు."

నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకు బాగా తెలుసు. కొన్నేళ్ళుగా నా కాళ్ళను ముట్టుకున్న ప్రతివాళ్ళూ వాటిని పరీక్ష చేసినవాళ్ళే. డాక్టరు సూదితో, నర్సు దారంతో, నా భార్య టార్చి లైటుతో. ఈమె నా కాళ్ళను నడిచొచ్చిన కాళ్ళ లాగా చూసింది. అంతే. నేనే బూట్లు విప్పాను. మేజోళ్ళు కూడా.

ఆ టెంట్లలో ఒక పద్ధతి ఉంది. తొట్టిలో ముందు చల్లనీళ్ళు, ఉప్పు, పసుపు వేసి కాళ్ళు పెట్టమంటారు. తర్వాత గంగాళంలో మసిలే నీళ్ళు చెంబుతో కొంచెం కొంచెంగా కలుపుతూ పోతారు. ఎవరికి ఎంత వేడి కావాలో వాళ్ళే చెప్పాలి. నొప్పి ఎక్కువున్నవాళ్ళు ఇంకా పోయమంటారు. తట్టుకోలేనివాళ్ళు మొదటి చెంబుకే కాళ్ళు పైకి లాగేస్తారు. "చాలు" అనే దాకా పోయడమే పోసేవాళ్ళ పని. ఆ పద్ధతి ఈ దారిలో అందరికీ తెలుసు. మంచి రోజుల్లో నేను రెండో చెంబుకే కేకలు పెట్టేవాణ్ణి. మా అన్నదమ్ములు ఏడిపించేవాళ్ళు.

ఆమె మొదటి చెంబు పోసింది. "ఇంకా?" అంది.

"ఇంకా" అన్నాను. వెచ్చదనం తగిలితే చాలంటాననుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. నా బుద్ధి ఆ క్షణంలో నా పాత కాళ్ళతోనే ఉంది. ఆవిరి నా ముఖానికి తగులుతోంది, పసుపు వాసన వస్తోంది, చెవులకు నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఒంటికి అన్నీ తెలుస్తున్నాయి. కాళ్ళకు కూడా ఇప్పుడో ఇంకాసేపటికో తెలుస్తుందని ఎదురుచూస్తున్నాను. ఆశ అనేది అంత తెలివితక్కువది.

"ఇంకా?"

"ఇంకా."

"ఎంత నడిసినావో ఏమో సామీ, ఇంత వేడి ఎవురూ తట్టుకోలేదు" అంది. ఆమె కళ్ళల్లో నా మీద గౌరవం. నా భార్యకు, ఆస్పత్రివాళ్ళకు తప్ప నా కాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. ఈమెకు నేను పెద్ద ఓర్పు గల భక్తుణ్ణి. ఆ గౌరవం నాకు బాగుంది కూడా. ఆమె తన కోడలికి కడుపు నిలవడం లేదని, అందుకే మొక్కుకుని ఈ సేవ చేస్తున్నానని చెప్తూ పోస్తోంది. నేను వింటూ కూర్చున్నాను. గంగాళంలో నీళ్ళు అయిపోయాయి. నేను చాలు అనలేదు.

ఆమె పాత చీర గుడ్డ తీసుకుని నా కుడి కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. తుడిచింది. గుడ్డతో పాటు తోలు వచ్చింది.

మొదట ఆమెకు అర్థం కాలేదు. గుడ్డను చూసింది, కాలును చూసింది. ఆ తర్వాత పెట్టిన కేకకు రోడ్డు మీద పోయే ఆటో ఆగిపోయింది. "సాలు అనలేదే సామీ! అంటావనే గదా నేను పోస్తాంటి! ఒక్క మాట అనలేదే!" అని గుండెలు బాదుకుంది. నేను నా కాలును చూస్తున్నాను. పాదమంతా ఎర్రగా, పచ్చిగా ఉంది. ఎవరిదో కాలు. నాకు చీమ కుట్టినంత కూడా లేదు.

"నీ తప్పేమీ లేదమ్మా" అన్నాను. "నా కాళ్ళకు స్పర్శ లేదు. చక్కెర జబ్బు. వేడి తెలీదు నాకు."

ఆమె ఏడుపు ఆపి నన్ను చూసింది. "మరి ఎందుకు పోయమంటివి?" అంది.

నేను బూట్ల కోసం చెయ్యి చాపితే ఆమె పట్టుకుని ఆపింది.

అదే ఆటోలో ఆమె నన్ను ఆస్పత్రికి తీసుకొచ్చింది. నేను ఫోన్ చేస్తే నా భార్య బస్టాండు నుంచి అక్కడికే వచ్చింది. వస్తూ వస్తూనే నా ముఖం చూడలేదు, దుప్పటి ఎత్తి కాళ్ళు చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆమె తిట్టాలని కోరుకున్నాను. ఆమె తిట్టలేదు. మూలన నిలబడి ఉన్న ఆ టెంటు ఆమె దగ్గరకు పోయి పక్కన కూర్చోబెట్టుకుని తన సీసాలో నీళ్ళు తాగించింది. బూట్లు ఆ టెంట్లోనే ఉండిపోయాయి.

ఎడమ కాలు మానింది. కుడిది మానలేదు. కర్నూలులో ముందు వేళ్ళు తీశారు. తర్వాత చీలమండ పైకి వెళ్ళారు. ఆఖరికి మోకాలి కింద ఆగారు. ఒక్కో సంతకమూ నా భార్యే పెట్టింది. భ్రమరాంబకు చీర మా పెదనాన్న కొడుకు ఇచ్చి వచ్చాడు. ప్రసాదం తెచ్చి మంచం పక్కన పెట్టి, యార్డులో పత్తి ధరల సంగతి మాట్లాడి వెళ్ళిపోయాడు.

ఆపరేషను అయిన కొన్ని వారాలకు ఒక సాయంత్రం అరికాలు సలిపింది. కుడిదే. లేని కాలి అరికాలు. మొదట కల అనుకున్నాను. మడమ దగ్గర మొదలై వేళ్ళ దాకా పాకింది. దూరం నడిచొచ్చినప్పుడు మడమ ఎట్లా మండుతుందో, వేళ్ళ మొదట్లో ఎట్లా పీకుతుందో, అచ్చం అట్లాగే. పళ్ళు బిగించుకుని పడుకున్నాను. డాక్టరును అడిగితే, కోసేసిన కాలికి కొందరిలో అట్లా అవుతుంది, మాత్రలతో కొంత తగ్గుతుంది అన్నాడు. తగ్గలేదు. రోజూ పొద్దువాలే వేళకు వస్తుంది. ఉన్నన్నాళ్ళూ నోరు మెదపని కాలు పోయాక అరుస్తోంది. నాకు దాని మీద కోపం కూడా రావడం లేదు. పక్కన చేత్తో తడుముతాను. దుప్పటి తగులుతుంది.

ఎమ్మిగనూరు నుంచి ఆమె అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఆస్పత్రిలో నా భార్య దగ్గర నంబరు తీసుకుందట. కోడలి సంగతి తనంతట తాను ఎప్పుడూ ఎత్తదు, మేమూ అడగం. మళ్ళీ ఉగాది వచ్చింది. మా వీధిలో కంబులు పట్టుకుని జనం పోతున్నారు. నేను వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాను, కాలు విపరీతంగా సలుపుతోంది. అప్పుడు ఫోన్ మోగింది.

"టెంటు వేసినారమ్మా?" అన్నాను.

"ఆడోళ్ళంతా వేసినారు. నేను పోలేదు సామీ. సెంబు పట్టుకునేదానికి మనసు రాలేదు. ఎట్లుండాది కాలు? నొస్తాందా?"

ఈ దారిలో ఆ మాట అడగనివాళ్ళు లేరు. ఎన్నేళ్ళుగానో దానికి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. అరికాలు నిప్పుల మీద పెట్టినట్టు ఉంది, నుదుట చెమట పట్టింది, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను.

"లేదమ్మా" అన్నాను. "ఏమీ తెలీదు నాకు."